మా తాతా, డ్రైవరు గారి పైకప్పు మీది మచ్చా

మా తాత ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని చూడడు, పైకప్పు చూస్తాడు. చావింటికి పలకరింపుకి వెళ్ళినా అంతే. చేతులు కట్టుకుని, మెడ వెనక్కి వాల్చి, పైకి చూస్తూ నిలబడిపోతాడు. "పాపం పెద్దాయన, లోపల్లోపల ఎంత కుమిలిపోతున్నాడో" అనుకుంటారు చుట్టూ ఉన్నవాళ్ళు. ఒకావిడైతే మంచినీళ్ళు కూడా తెచ్చి ఇచ్చింది. బయటికొచ్చి స్కూటరు వెనక కూర్చున్నాక నా చెవిలో అంటాడు: "ఆ మూలన చెమ్మ దిగుతోంది పిల్లా. పై బాల్కనీదే. వాళ్ళకింకా తెలిసినట్టు లేదు."

తాతది లీకుల పని. అపార్ట్‌మెంట్లలో పై వాళ్ళ బాల్కనీ నీళ్ళు కింది వాళ్ళ పైకప్పులోంచి దిగితే, అవి ఎక్కడ దూరాయో వెతికి ఆ దారి మూసెయ్యాలి. చెప్పుకోవడానికి ఇంతే. కానీ నీళ్ళు దూరిన చోటే కారితే ఈ లోకంలో తాతతో ఎవరికీ పనుండేది కాదు. పైన ఈ మూలన దూరతాయి, స్లాబులో వాటికి తోచినట్టు నడుస్తాయి, కింద ఇంకో మూలన, సరిగ్గా ఎవరి బీరువా మీదో తేలతాయి. కింది వాళ్ళు పై వాళ్ళని తిడతారు, పై వాళ్ళు బిల్డరుని తిడతారు, బిల్డరు ఫోనెత్తడు. అప్పుడు చెమ్మ మేస్త్రీని పిలవండి అంటారు. చెమ్మ మేస్త్రీ అంటే మా తాత. అసలు పేరు అడిగితే ఆయనే కాసేపు ఆలోచిస్తాడు.

నేను తాత మనవరాల్ని, కూతురి కూతుర్ని. బడీ నేనూ ఒకరినొకరు సగంలో వదిలేసుకున్నాక తాత దగ్గర పనికి చేరాను. స్కూటరు నాది, మోకాళ్ళ నొప్పులు ఆయనవి. పైపులూ గొట్టాలూ నేను మోస్తాను, విసుగు ఆయన మోస్తాడు.

తాత పని చేస్తుంటే చూడటానికి సరదాగా ఉంటుంది, చూసేవాళ్ళకి. స్క్రూడ్రైవరు పిడితో టైల్స్ మీద ఒక్కొక్కటే కొట్టుకుంటూ, తలుపు తట్టి జవాబు కోసం చూసేవాడిలా చెవి వాల్చి వింటాడు. కింద సిమెంటు నిండుగా ఉంటే ఒక చప్పుడు, బోలుగా ఉంటే ఇంకో చప్పుడు. తడి గోడల మీద తెల్లగా పూసే ఉప్పు ఉంటుంది కదా, దాన్ని గోటితో గీకి నాలుక మీద వేసుకుంటాడు. అది పాత చెమ్మో కొత్త చెమ్మో, వాన నీళ్ళో స్నానాల గది నీళ్ళో ఆ రుచిలో తెలుస్తుందట. నేనూ ఒకసారి ప్రయత్నించాను. నాకు గోడ రుచి తప్ప ఏమీ తెలియలేదు. మా అమ్మమ్మకి ఈ అలవాటంటే ఒళ్ళుమంట. "ఊళ్ళో వాళ్ళ గోడలన్నీ నాకొచ్చి, నేను చేసినదాంట్లో ఉప్పు తక్కువైందంటారు" అంటుంది.

తాతకి ఇంకో రోగం ఉంది. కన్నం కనబడితే ఊరుకోలేడు. ఉప్పు డబ్బా మూతకి ఉన్న కన్నాలు ఒకటి మిగిల్చి అన్నీ మూసేశాడు, గాలి తగిలి ఉప్పు చెమ్మగిల్లుతోందని. అమ్మమ్మ కిటికీలో పెట్టుకున్న పూలకుండీల అడుగు కన్నాలు కూడా మూశాడు, గోడ తడుస్తోందని. మొక్కలు ఒక వారం కళకళలాడి ఆ తర్వాత కుళ్ళిపోయాయి. అమ్మమ్మ ఆ కుండీల్లో ఇప్పుడు బట్టల క్లిప్పులు వేసుకుంటోంది, తాత వైపు ఒక చూపు విసిరి మరీ.

ఒకప్పుడు తాత పూటంతా నేల మీద కూర్చుని పని చేసినా ఇట్టే లేచి నడిచేవాడట. ఇప్పుడు కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మమ్మ వేడినీళ్ళ సీసాలు మోకాళ్ళ మీద పెడుతుంది. "ఇంక చాలండీ. మీరు ఆపితే ఊళ్ళో నీళ్ళన్నీ మనింట్లోకి వచ్చిపడవు" అంటుంది. "ఆపుతానే" అంటాడు. ఆ మాటలో అబద్ధం లేదు, కానీ తేదీ కూడా లేదు.

ఆ ఏడు వానలు మొదలయ్యాక డ్రైవరు గారు పిలిపించారు. ఆయన జీవితమంతా బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇంజను చప్పుడు మీంచి అరిచీ అరిచీ గొంతు అక్కడే ఉండిపోయింది. పక్కనున్న వాళ్ళతో కూడా వెనక సీట్లో ఉన్నవాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడతారు. ఒకే బిల్డింగులో ఒకదాని మీద ఒకటి రెండు ఫ్లాట్లు ఆయనవి. కిందిదాంట్లో ఆయన ఉంటారు, పైదాంట్లో బట్టలు కుట్టే ఒకావిడ అద్దెకుంటుంది. అందరూ ఆవిణ్ణి టైలరమ్మ అంటారు.

"చూడు మేస్త్రీ, చూడు!" అని హాల్లో పైకి చూపించారు డ్రైవరు గారు. బాల్కనీ తలుపుకి కాస్త ఇవతల పైకప్పు మీద పసుపుపచ్చ మచ్చ ఉంది. అంచుల్లో రంగు పెచ్చులు లేచి వేలాడుతోంది.

"పడుకున్న గేదెలా ఉంది" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. తాత అయితే నా వైపు చూడను కూడా లేదు.

"రంగేయిస్తాను, మళ్ళీ వస్తుంది. మళ్ళీ వేయిస్తాను, మళ్ళీ వస్తుంది. ఇదంతా ఆవిడ తొట్టి. కొత్త గుడ్డ కుట్టే ముందు తడిపి ఆరేస్తుందట, లేకపోతే కుట్టాక పొట్టిదైపోతుందట. రోజల్లా బాల్కనీలో నీళ్ళే. నేను ఆవిడకి చెప్పేశాను, ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యమని."

"వాన పడ్డప్పుడు కారుతుందా, వాన లేనప్పుడా?" అన్నాడు తాత.

"వానాకాలంలో వాన లేనిదెప్పుడు? ఆవిడ తొట్టి లేనిదెప్పుడు? చూడు, నేనేం అన్యాయస్తుణ్ణి కాదు. నువ్వు వెతుకు. ఆవిడ నీళ్ళు కాదని తేలిస్తే ఉండమంటాను. ఆవిడవే అయితే వెళ్ళాలి. నీ మాటే ఆఖరు."

తాత మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కాడు. లిఫ్టు ఉంది కానీ ఆ రోజు అది కూడా అలిసిపోయి ఉంది.

టైలరమ్మ తలుపు తీసింది. నడివయసు మనిషి, మెడలో కొలత టేపు, రెప్పల కింద నల్లటి వలయాలు. ఆవిడ బాల్కనీలో ఒక గోడకి మిషను, పక్కన స్టూలు, ఇంకో గోడ వారగా నీళ్ళ తొట్టి, తాడు మీద ఆరేసిన గుడ్డలు. ఆ వరసలో కిందా పైనా ఉన్న ఫ్లాట్ల వాళ్ళందరూ బాల్కనీలని రేకులతోనో అద్దాలతోనో మూయించేసుకున్నారు. డ్రైవరు గారు ఆవిడ బాల్కనీ కూడా మూయిస్తానంటే వద్దని బతిమాలిందట.

"నా పనికి వెలుతురు కావాలి బాబాయ్ గారూ" అంది. "లోపల లైటు కింద నలుపూ, ముదురు నీలమూ నాకు ఒకేలా కనిపిస్తాయి. నల్ల గుడ్డకి నీలం దారం వేసి కుట్టిచ్చాననుకోండి, వాళ్ళు ఎండలోకి వెళ్ళగానే నా పని అయిపోయినట్టే. ఇంతకు ముందున్న ఇళ్ళల్లో కిటికీ దగ్గర నిలబడి దారం చూసుకుని, మళ్ళీ మిషను దగ్గరికొచ్చి కుట్టేదాన్ని. ఆ రెండిటికీ తేడా తెలిసే చోటు నాకు దొరికింది ఇదొక్కటే."

"తొట్టి తీసేస్తే?"

"స్నానాల గదిలోకి మార్చేస్తానని ఎప్పుడో చెప్పాను. ఆయన వినరు. మచ్చ పోతే కదా నమ్మడానికి."

తాత నిట్టూర్చి, గోడ పట్టుకుని కిందికి దిగి కూర్చున్నాడు. స్క్రూడ్రైవరు తీసి టైల్స్ తట్టడం మొదలుపెట్టాడు. అన్నీ నిండుగానే పలికాయి. గోడకీ నేలకీ మధ్య అతుకులు వేలితో తడిమాడు. అవి ఆయన పూసినవే. ఆ బిల్డింగు కట్టిన కొత్తలో ఈ వరస బాల్కనీలన్నిటికీ, నీళ్ళు దూరకుండా అతుకుల్లో పెట్టే సిలికాను జిగురు పూసింది తాతే. ఎప్పుడో టైలు కోసే మిషను ఆయన బొటనవేలిని చీల్చింది. మానింది కానీ మధ్యన ఒక చిన్న గట్టు మిగిలింది. సిలికాను పూశాక వేలిని సబ్బునీళ్ళలో ముంచి ఒక్క లాగు లాగుతాడు. నున్నగా వస్తుంది గానీ నడిమధ్యన సన్నటి గీత పడుతుంది. ఆ గీత చూసి నేను, "నీ రాతే తాతా" అన్నాను.

"చెక్కు చెదర్లేదు చూశావా" అన్నాడు తాత. ఆ రోజు ఆయన సంతోషంగా అన్న మాట అదొక్కటే.

మొదటి పరీక్ష మామూలుదే. నీళ్ళు పోయే జాలీకి గుడ్డలు కుక్కి, బాల్కనీ నిండా నీళ్ళు పెట్టాం. మర్నాటిదాకా అలానే ఉంచాం. టైలరమ్మ ఆ పూట బాల్కనీలో అడుగు పెట్టకుండా గుమ్మంలో స్టూలు వేసుకుని కాజాలు కుట్టుకుంది. మర్నాడు కింద డ్రైవరు గారి పైకప్పు నిమిరి చూస్తే పొడి పొడిగా ఉంది.

"నేలలోంచి దిగట్లేదండీ" అన్నాడు తాత.

"అయితే మచ్చ నా బుర్రలోంచి వచ్చిందా?" అన్నారు డ్రైవరు గారు. "మీరు పెట్టినవి మంచినీళ్ళు. ఆవిడ తొట్టిలోవి రంగు నీళ్ళు, గంజి నీళ్ళు. వాటి దారి వేరు."

"నీళ్ళకి టికెట్లు ఉండవు కదండీ, వేరే దార్లో పొమ్మనడానికి" అన్నాను.

"ఈ పిల్లని నోరు అదుపులో పెట్టుకోమను మేస్త్రీ."

"నా వల్ల కాలేదండీ" అన్నాడు తాత. "కన్నాలన్నీ మూశాను, అదొక్కటే మిగిలింది."

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. రెండు రోజులకి గాలివాన వచ్చింది. ఆ పొద్దున్నే టైలరమ్మ ఎవరివో పెద్ద ఆర్డరు గుడ్డలు తొట్టిలో నానబెట్టి ఉంది. సాయంత్రానికి డ్రైవరు గారి హాల్లో చుక్కలు పడ్డాయి. ఆయన ఫోను చేస్తే, నేను ఫోను చెవికి దూరంగా పట్టుకున్నా వీధిలో వాళ్ళకి వినబడింది. "తొట్టి! తొట్టి అన్నానా లేదా!"

మేం వెళ్ళేసరికి టైలరమ్మ మిషను లోపలికి జరిపించేసుకుంది. హాలు మధ్యన లైటు కింద వంగి, రెండు దారపు ఉండలు పక్కపక్కన పట్టుకుని చూస్తోంది. తొట్టి బోర్లించి ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు.

"ఇల్లు వెతుక్కుంటున్నాను బాబాయ్ గారూ. మీరింక శ్రమపడకండి. మీరు కూడా అలిసిపోయి ఉన్నారు."

తాత వెనక్కి తిరిగి మెట్లు దిగాడు. నిజంగానే అలిసిపోయి ఉన్నాడు. ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా మంచం మీద వాలిపోయాడు. అమ్మమ్మ వేడినీళ్ళ సీసాలు తెచ్చింది.

"వదిలెయ్యండి. తేలలేదని చెప్పి ఇంకెవరినైనా చూసుకోమనండి."

"ఇంకెవరొచ్చినా తొట్టే అంటారే. తొట్టి కంటికి కనిపిస్తోంది కదా. అసలుది కనబడట్లేదు."

"మీకు మాత్రం కనబడిందా?"

"లేదు" అన్నాడు తాత. "నేను తేల్చకపోతే ఆవిడ పోతుంది. నేనేమో మెట్లెక్కలేకుండా ఉన్నాను."

"ఎత్తుకెళ్తాలే తాతా" అన్నాను. "గోనెసంచిలో వేసుకుని."

"సిమెంటు సంచి వద్దు. దురద."

మర్నాడు ఎండ కాసింది. పైపు తీసుకుని మళ్ళీ వెళ్ళాం. ఈసారి పరీక్ష పద్ధతి వేరు. పైపుతో నీళ్ళు ఒక్కొక్క చోటే కొట్టుకుంటూ కింది నుంచి పైకి రావాలి. ముందు నేల అంచు, తర్వాత గోడ అడుగు, ఆ తర్వాత రెయిలింగు కాళ్ళు. ఒక చోట కొట్టి ఆగాలి, కింద కారిందా అని కనుక్కోవాలి, అప్పుడే ఇంకో చోటికి వెళ్ళాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు అన్నిచోట్లకీ జారి, ఎక్కడ దూరాయో ఎప్పటికీ తెలియదు. తాతకి తెలిసిన విద్యల్లో అసలైనది ఓపికే. ఆ రోజు అది కూడా అడుగంటి ఉంది.

పైపు నేను పట్టాను. తాత స్టూలు మీద కూర్చుని వేలు చూపిస్తున్నాడు. డ్రైవరు గారు కింద తన హాల్లో కుర్చీ వేసుకుని పైకప్పు కాపలా కాస్తున్నారు. ఫోను అవసరం లేకపోయింది.

"ఏముందండీ?" అని నేను రెయిలింగు మీంచి అరిస్తే, "ఏమీ లేదు!" అని కింద నుంచి బస్సు గొంతు వచ్చేది.

గోడలు అయ్యాయి. రెయిలింగు అయింది. ఏమీ లేదు. టైలరమ్మ లోపల కుట్టడం ఆపి, సూది చేత్తో పట్టుకుని అలానే కూర్చుంది.

"తలుపు అద్దం మీద కొట్టు" అన్నాడు తాత.

బాల్కనీకీ హాలుకీ మధ్య పక్కకి జరిపే అద్దం తలుపులు ఉన్నాయి. అద్దం మీద నీళ్ళు కొట్టాను. గాలివాన కొట్టినట్టే జలజలా జారాయి. జారి, తలుపు జరిగే అల్యూమినియం ట్రాకులోకి దిగాయి. కాసేపటికి ట్రాకు నిండి చిన్న కాలవలా మెరిసింది. నీళ్ళు అందులోనే ఉండిపోయాయి, బయటికి రావట్లేదు. ఇంకాస్సేపటికి కింద నుంచి వినబడింది.

"కారుతోందీ! మేస్త్రీ, కారుతోందీ!"

పైపు కట్టేశాను. తాత స్టూలు మీంచి నేల మీదికి దిగాడు. మోకాళ్ళ మీద వంగి, బుగ్గ దాదాపు నేలకి ఆనించి, ట్రాకు బయటి వైపు చూశాడు. నేనూ పక్కన కూర్చుని వంగాను. ట్రాకు అంచున పొడవునా దూరం దూరంగా సన్నటి కన్నాలు ఉన్నాయి. అన్నీ సిలికానుతో నిండుగా, ఒద్దికగా మూసి ఉన్నాయి.

"ఏ మహానుభావుడో తాతా, ఎంత శ్రద్ధగా మూశాడో చూడు! వాన నీళ్ళు బయటికి పోవడానికి పెట్టిన కన్నాలని కూడా చూసుకోకుండా, వీడి చెయ్యి పడ..."

అప్పుడు కనబడింది. మూసిన ప్రతి కన్నం మీదా నడిమధ్యన సన్నటి గీత.

నా నోరు దానంతటది మూతపడింది. తాత బొటనవేలు ఆ గీత మీద పెట్టి చూశాడు. అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

"అద్దం మీద పడ్డ నీళ్ళు ట్రాకులోకి దిగి, ఈ కన్నాల్లోంచి బాల్కనీలోకి పోవాలి" అన్నాడు, నాతో కాదు, ట్రాకుతో. "నేను మూశాను. కన్నం కనబడింది, మూశాను. నీళ్ళకి దారిలేక అక్కడే నిలిచి, ట్రాకు మూల అతుకుని తినేసి స్లాబులోకి దిగుతున్నాయి. మిగతావాళ్ళు బాల్కనీలు మూయించుకున్నారు, వాళ్ళ అద్దాల మీద వానే పడదు. ఈ అమ్మాయిది తెరిచి ఉంది."

మెట్ల మీద డ్రైవరు గారి చెప్పుల చప్పుడు వస్తోంది. నేను గొంతు తగ్గించాను.

"తాతా, బ్లేడు ఇటివ్వు. ఆయన వచ్చేలోగా ఇవి పీకేస్తాను. మూల అతుకు పోయిందని చెప్దాం. అది అబద్ధం కూడా కాదు. తొట్టి కాదని తేలిపోతుంది, ఆవిడా ఉంటుంది. నీ పేరూ ఉంటుంది."

తాత బ్లేడు ఇవ్వలేదు. వరసగా పైకి ఉన్న బాల్కనీల అడుగులు చూశాడు.

"వీటన్నిటికీ నేనే పూశాను పిల్లా. ఏదో ఒక రోజు ఎవరో ఒకరు రేకులు తీయిస్తారు. కింద కారుతుంది. అప్పుడు ఇంకెవరి తొట్టినో తిడతారు."

"అన్నీ విప్పాలంటే నీ మోకాళ్ళు..."

"నాకు తెలీదా?" అన్నాడు. ఎప్పుడూ నా మీద కసరని మనిషి.

డ్రైవరు గారు ఆయాసపడుతూ లోపలికి వచ్చారు. టైలరమ్మ లేచి నిలబడింది. సూది ఇంకా చేతిలోనే ఉంది.

"దొరికిందా మేస్త్రీ? ఆవిడ నీళ్ళేనా?"

"వాన నీళ్ళండీ" అన్నాడు తాత. లేవడానికి ప్రయత్నించి, లేవలేక, నేల మీద కూర్చునే చెప్పాడు. "తప్పు నాది. అప్పట్లో నేను ఈ కన్నాలు మూసేశాను. మూయకూడనివి. తొట్టికీ దీనికీ ఏమీ సంబంధం లేదు."

డ్రైవరు గారికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఆ బిల్డింగులో అందరికీ అర్థమయ్యేలా అరిచారు. ఇన్నిసార్లు రంగేయించాననీ, ఇన్ని వానలు బకెట్లు పెట్టుకున్నాననీ, నమ్మి పిలిస్తే దొంగే వచ్చి దొంగని వెతికినట్టుందనీ. తాత తల వంచుకుని విన్నాడు. నేను మధ్యలో ఏదో అనబోతే నా చెయ్యి పట్టి నొక్కాడు.

అరుపులు తగ్గాక టైలరమ్మ మాట్లాడింది. మెల్లిగానే మాట్లాడింది.

"ఇళ్ళు చూసొచ్చాను బాబాయ్ గారూ. ఒక ఇంటికి పెద్ద కిటికీ ఉందన్నారు. నిజమే, ఉంది. తెరిస్తే పక్కింటి గోడ. ఇవాళ పొద్దున్నే ఆ ఇంటావిడతో వస్తాననే చెప్పాను. ఇక్కడికొచ్చి, తొట్టి లేకుండా గుడ్డ తడపలేనని, కొత్తగా వచ్చిన ఆర్డరు కూడా తిప్పి పంపేశాను. మీరు మొదటి రోజే ఈ ట్రాకు కూడా చూసుంటే?"

"చూడలేదమ్మా. నేను చేసింది కదా, బాగానే ఉంటుందనుకున్నాను."

ఆవిడ ఫరవాలేదు అనలేదు. క్షమించాననీ అనలేదు. డ్రైవరు గారి వైపు తిరిగింది.

"మీరేమంటారు?"

"నేనా?" అన్నారు డ్రైవరు గారు. ఆ గొంతు అంత తక్కువ స్థాయిలో కూడా పలుకుతుందని నాకు అప్పుడే తెలిసింది. "కారడం ఆగితే ఉండమ్మా. ఆగిందని నేను కళ్ళారా చూడాలి."

"నేనూ చూడాలి" అంది టైలరమ్మ.

తాత ఆ పూటంతా నేల మీదే గడిపాడు. బ్లేడుతో సిలికాను కోసి, వంకర తీగతో కన్నాల్లోంచి లాగాడు. ఎంత గట్టిగా పూశాడో అంత కష్టంగా వచ్చింది. "బాగా చేసిన పని విప్పడం కష్టం" అని నేనంటే, "బాగా చేసిన తప్పు" అన్నాడు. మొదటి కన్నం తెరుచుకోగానే నిలిచిన నీళ్ళు, మురికితో కలిసి, చిన్న ధారగా బాల్కనీలోకి వచ్చాయి. ఆ ధార వైపు చాలాసేపు చూశాడు. ఆ తర్వాత ట్రాకు మూల అతుకు గీకి, శుభ్రం చేసి, కొత్తగా పూశాడు. అది ఆరేలోగా నేనూ టైలరమ్మా మిషను మళ్ళీ వెలుతురులోకి జరిపాం. తాత సాయానికి రాబోతే ఆవిడ, "మీరు కూర్చోండి" అంది. కోపంగానే అంది, కానీ స్టూలు జరిపి మరీ అంది.

ఆరాక ఆఖరి పరీక్షకి వచ్చాం. ఈసారి తాత పైకి ఎక్కనన్నాడు, కింద కాపలా ఆయనదే. డ్రైవరు గారి చేతుల కుర్చీలో, సరిగ్గా మచ్చ కింద కూర్చోబెట్టి నేను పైకి వెళ్ళాను. పైపు టైలరమ్మ తీసుకుంది. "ఇటివ్వు, నేను కొడతాను" అని అద్దం మీద కొట్టింది చూడండి, ఏ గాలివానా అంత కసిగా కొట్టి ఉండదు. నీళ్ళు ట్రాకులోకి దిగాయి, కన్నాల్లోంచి బాల్కనీలోకి వచ్చాయి, జాలీలోంచి పోయాయి. చాలాసేపు కొట్టింది. అలిసిపోయి నాకిచ్చింది. నేనూ కొట్టాను.

"ఏముంది తాతా?" అని రెయిలింగు మీంచి అరిచాను.

జవాబు లేదు.

మళ్ళీ అరిచాను. లేదు. పైపు పడేసి, కట్టెయ్యడం కూడా మర్చిపోయి, మెట్లు దూకుతూ కిందికి పరిగెత్తాను. వెనకే టైలరమ్మ.

డ్రైవరు గారు గుమ్మంలోనే ఎదురొచ్చి పెదాల మీద వేలు పెట్టుకున్నారు. హాల్లో తాత కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరిచి నిద్రపోతున్నాడు.

"లేపకండి" అన్నారు డ్రైవరు గారు గుసగుసగా. ఆయన గుసగుస మామూలు మనుషుల మాటంత ఉంది. "కూర్చున్న కాసేపటికే పోయాడు. నేను చూస్తూనే ఉన్నాను, ఒక్క చుక్క పడలేదు."

టైలరమ్మ ఆయన మాట పట్టించుకోలేదు. కుర్చీ పక్కన ఒక స్టూలు వేసుకుని ఎక్కి, మచ్చ మీద అరచెయ్యి ఆనించింది. అటూ ఇటూ నిమిరింది. చెయ్యి తీసి చూసుకుంది. దుమ్ము అంటింది, తడి లేదు.

"మరి నేను ఆ ఇంటావిడకి ఫోను చేసి రానని చెప్పనా?"

"చెప్పు."

"నెలాఖరుకి వెళ్ళమన్నది మీరే."

"అన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను. తొట్టి కూడా అక్కడే పెట్టుకో" అన్నారు డ్రైవరు గారు, పైకప్పుకి చెప్తున్నట్టు.

ఆవిడ స్టూలు దిగి, గుమ్మం దాటుతూనే ఫోను చెవికి పెట్టుకుంది. "రావట్లేదండీ. లేదండీ, కిటికీ బాగానే ఉంది..." అంటున్న మాటలు మెట్ల మీద పైపైకి వెళ్ళిపోయాయి.

నేను కుర్చీ పక్కన నేల మీద చతికిలబడ్డాను. పైన పైపు నీళ్ళు ఇంకా పారుతున్నాయి. ఎవరో ఒకరు కట్టేస్తారులే అనుకున్నాను. కాసేపటికి తాత ఉలిక్కిపడి లేచాడు.

"కారిందా?"

"కారింది తాతా."

ఆయన ముఖం పాలిపోయింది. గబుక్కున పైకి చూశాడు. మచ్చ, పెచ్చులు, అంతా పొడిగా ఉంది. చూపు కిందికి దింపి నా వైపు తిరిగాడు.

"ఎక్కడ?"

"పైనించి కాదు. నీ నోట్లోంచి. చొక్కా చూసుకో."

తాత గడ్డం తడుముకున్నాడు. కాలరు తడిగా ఉంది. భుజంతో తుడుచుకున్నాడు. డ్రైవరు గారు నవ్వు ఆపుకోవడానికి దగ్గారు, ఆ దగ్గుకి కిటికీ అద్దాలు అదిరాయి.

"నవ్వింది చాలు, చెయ్యందించు" అన్నాడు తాత. "పై అంతస్తు వాళ్ళు ఇంట్లోనే ఉన్నారో లేదో కనుక్కో. వాళ్ళ తలుపు కన్నాలు కూడా ఇవాళే తెరిచేద్దాం."

ఒక పక్క నేను, ఇంకో పక్క డ్రైవరు గారు పట్టుకుంటే గానీ తాత కుర్చీలోంచి లేవలేకపోయాడు.